నిప్పురవ్వకు ముహూర్తం: బండి టైమింగు మార్పిస్తే దూరయాత్ర బాగుపడుతుందా?



దూరయాత్ర తేదీ ఖాయమైన ప్రతిసారీ మన కుర్రాళ్ళ మధ్య ఒక చర్చ లేస్తుంది. ఈసారి దారి పెద్దది. రాజపాళయం నుంచి మదురై, చెన్నై మీదుగా కృష్ణ ఒడ్డు దాకా వెళ్ళాలి. మన పెద్దలు ఏ దిక్కు నుంచి వచ్చామని చెప్పుకుంటారో ఆ దిక్కుకే, వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ. దానికి ముందు బండ్లను పరీక్షించడానికి చెంగోట్టై, ఆర్యంకావు దాటి పునలూరు వైపు ఒక చిన్న యాత్ర, వీలైతే కొడైకెనాల్ ఎక్కడం కూడా అనుకున్నాం. ఇంతలో మాట వచ్చింది: "ఇగ్నిషన్ టైమింగు కాస్త ముందుకు జరిపిస్తే పికప్ పెరుగుతుందట, మైలేజీ పెరుగుతుందట. బండ్లన్నిటికీ ఒకేసారి చేయిస్తే ధర కూడా తగ్గుతుందట."

ఈ 'అట'ల మీద డబ్బు పెట్టే ముందు సంగతి తెలుసుకుందాం అని ఇది రాస్తున్నాం. ఒక్క బండి ఘాట్ మధ్యలో ఆగిపోతే గుంపంతా ఆగుతుంది. వెనక సీట్లో ఇంటివాళ్ళు ఉంటారు. కనుక ఇది సరదా ప్రశ్న కాదు. జవాబు ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు గానీ, ఆ జవాబు ఎందుకు అలా అయిందో తెలియాలంటే నూటపాతికేళ్ళ కథ కాస్త చెప్పుకోవాలి. ఆ కథలో మన తెలుగువాడు ఒకాయన కూడా ఉన్నారు.

ముందు అసలు టైమింగు అంటే ఏమిటి?

మనకు శివకాశి పక్కనే. టపాకాయ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. తారాజువ్వ ఆకాశంలో సరైన ఎత్తులో పేలాలంటే లోపలి వత్తి సరైన పొడవుండాలి. పొట్టిదైతే నెత్తి మీదే పేలుతుంది, పొడుగైతే కిందికి పడేటప్పుడు పేలుతుంది. ఇంజిన్లో జరిగేదీ అదే. పిస్టన్ పైకి వచ్చి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మిశ్రమం మొత్తం ఒక్కసారిగా అంటుకోదు. ప్లగ్గు దగ్గర మొదలైన మంట సిలిండరంతా పాకడానికి సమయం పడుతుంది. పిస్టన్ టాప్ దాటి కాస్త కిందికి దిగడం మొదలుపెట్టాక, క్రాంక్ ఒక పన్నెండు నుంచి పదహారు డిగ్రీలు తిరిగిన చోట, లోపలి ఒత్తిడి శిఖరానికి చేరితే ఆ తోపు పూర్తిగా చక్రానికి అందుతుంది. అందుకని పిస్టన్ టాప్‌కి చేరకముందే రవ్వ వేయాలి. ఎన్ని డిగ్రీల ముందు వేస్తామో అదే అడ్వాన్స్. ఆలస్యం చేస్తే రిటార్డ్.

ఇక్కడే చిక్కు. ఇంజిన్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతున్నప్పుడు క్రాంక్ 30 డిగ్రీలు తిరగడానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. 3000 చుట్ల దగ్గర అదే 30 డిగ్రీలకు 1.67 మిల్లీసెకన్లే. 6000 దగ్గర అందులో సగం. మంటకు కావలసిన సమయం మాత్రం అంతగా తగ్గదు. వేగంతో లోపల గాలి సుడి పెరిగి మంట కూడా చురుకవుతుంది గానీ, ఇంజిన్ వేగాన్ని పూర్తిగా అందుకోలేదు. కాబట్టి వేగం పెరిగేకొద్దీ రవ్వ ఇంకా ముందు పడాలి. బరువు లేకుండా తేలిగ్గా వెళ్తున్నప్పుడు సిలిండరులో మిశ్రమం పలచగా ఉండి మెల్లగా కాలుతుంది, అప్పుడు ఇంకాస్త ముందు కావాలి. ఎత్తు ఎక్కుతూ థ్రాటిల్ బాగా తిప్పినప్పుడు మిశ్రమం దట్టంగా ఉండి గబగబా కాలుతుంది, అప్పుడు అంత ముందు పనికిరాదు. అంటే ఒకే ముహూర్తం అన్ని పెళ్ళిళ్ళకూ చెల్లదు. క్షణక్షణానికీ ముహూర్తం మారుతుంది. దాన్ని ఎవరు చూసి పెడతారు? ఈ కథంతా ఆ ప్రశ్న చుట్టూనే.

మొదట్లో ఆ ముహూర్తం నడిపేవాడి చేతిలోనే ఉండేది.

జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీలో గాట్‌లోబ్ హోనాల్డ్ 1902లో హైటెన్షన్ మాగ్నెటోను తయారుచేశాడు. బ్యాటరీ అక్కర్లేకుండా ఇంజిన్ తిరగడంతోనే గట్టి నిప్పురవ్వ పుట్టించే యంత్రం అది. ఆ కాలపు మోటార్‌సైకిళ్ళలో హ్యాండిల్ మీద ఒక చిన్న లీవర్ ఉండేది. స్టార్ట్ చేసేటప్పుడు దాన్ని వెనక్కి లాగి రిటార్డ్‌లో పెట్టాలి. బండి పరుగందుకున్నాక ముందుకు తోయాలి. ఎత్తు వచ్చి ఇంజిన్ కటకటమని కొట్టుకుంటే మళ్ళీ కాస్త వెనక్కి. చెవి, చెయ్యి, లీవర్, ఈ మూడే అప్పటి కంప్యూటర్.

అలాంటి బండి ఒకటి కోయంబత్తూరు దగ్గరి ఒక పల్లెలో ఒక తెలుగు కుర్రవాడి కంటపడింది. ఆయనే జి.డి. నాయుడు గారు. 1893లో కలంగల్‌లో పుట్టారు. చదువు మీద మనసు లేని ఆ కుర్రవాడు ఒక తెల్లదొర నడుపుకుంటూ వచ్చిన రడ్జ్ మోటార్‌సైకిల్‌ని చూసి, అలాంటిది తనకూ కావాలనుకున్నారు. ఊరు వదిలి కోయంబత్తూరు చేరి హోటల్లో సర్వరుగా పనిచేసి, ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బుతో ఆ బండి కొన్నారు. కొన్నాక ఊరేగలేదు. ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించి, ఏ ముక్క ఏం పని చేస్తుందో నేర్చుకున్నారు. ఆ చదువుతోనే మెకానిక్ అయ్యారు. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ నడిపారు. 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారీకి కారకులయ్యారు. 1974లో కన్నుమూశారు.

రడ్జ్ చిన్నాచితకా బండి కాదు. 1914లో ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ టీటీ పందెం గెలిచిన కంపెనీ అది. అయినా నాయుడు గారి కథలో మనం పట్టుకోవలసింది పందెం కాదు. ఆయన ముందు విప్పి తెలుసుకున్నారు, మార్పులూ కొత్త యంత్రాలూ ఆ తర్వాత వచ్చాయి. మనవాళ్ళు చాలామంది ముందు మార్పించి, తర్వాత తెలుసుకుంటున్నారు.

లీవరుకు కాలం చెల్లింది ఎందుకంటే, దాన్ని సరిగ్గా వాడే ఓపిక అందరికీ ఉండదు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ, కాయిల్, కాంటాక్ట్ పాయింట్ల పద్ధతి 1910ల నుంచి కార్లలోకి, నెమ్మదిగా మోటార్‌సైకిళ్ళలోకి వచ్చింది. దానికి తోడు రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు. ఇంజిన్ వేగం పెరిగితే బరువులు బయటికి విసురుకుని పాయింట్ల కామ్‌ని కాస్త ముందుకు తిప్పుతాయి. వేగం తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. లీవరు చేసే పని బరువులు చేయడం మొదలైంది.

ఈ పద్ధతి మన ఇళ్ళకు వచ్చింది బుల్లెట్ రూపంలో. 1950ల మొదట్లో భారత సైన్యం సరిహద్దు పహరా కోసం 350 బుల్లెట్లు 800 ఆర్డరిచ్చింది. ఆ ఊపుతో 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. తిరువొట్టియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. మొదట విడిభాగాలు తెచ్చి బిగించేవారు, తర్వాత మొత్తం ఇక్కడే తయారుచేశారు. 1970 నాటికి ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడింది, మన మద్రాసులో మాత్రం బండి బతికింది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, సుమారు 18 హార్స్‌పవర్. దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు.

పాత బుల్లెట్ నడిపినవాళ్ళకు ఆంపియర్ మీటరు ముల్లు గుర్తుంటుంది. కిక్కరు మెల్లగా తొక్కుతూ ముల్లు నడిమికి వచ్చేదాకా చూసి, డీకంప్రెసర్ నొక్కి, పిస్టన్‌ని టాప్ దాటించి, అప్పుడు గట్టిగా తన్నాలి. ఆ ముల్లు ఎందుకు కదిలేదో తెలుసా? పాయింట్లు మూసి ఉంటే కాయిల్లో కరెంటు పారుతుంది, ముల్లు పక్కకు వాలుతుంది. పాయింట్లు తెరుచుకుంటే కరెంటు ఆగుతుంది, ముల్లు నడిమికి వస్తుంది. పాయింట్లు తెరుచుకున్న క్షణమే నిప్పురవ్వ పడే క్షణం. అంటే మన తాతలు రోజూ పొద్దున్నే టైమింగుని కళ్ళారా చూసేవారన్నమాట. మెకానిక్‌లు పాయింట్ల మధ్య సిగరెట్టు కాగితం పెట్టి, అది జారే క్షణాన్ని పట్టుకుని ప్లేటు బిగించేవారు. అప్పుడు పిస్టన్ టాప్‌కి ఒక మిల్లీమీటరు లోపు దూరంలో ఉండాలి. ఆ మిల్లీమీటరు తప్పి రవ్వ మరీ ముందు పడితే, స్టార్ట్ చేసేటప్పుడు కిక్కరు ఎదురు తన్నేది. చీలమండ వాచినవాళ్ళు మనలోనూ ఉన్నారు.

'టైమింగు పెట్టిస్తే బండి మారిపోతుంది' అనే నమ్మకం ఈ కాలంలో పుట్టిందే. ఆ నమ్మకం అప్పట్లో నిజం కూడా. పాయింట్ల మడమ అరుగుతుంది, అరిగితే గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే రవ్వ ఆలస్యమవుతుంది. అడ్వాన్స్ బరువులు జిడ్డు పట్టి ఇరుక్కుంటాయి, స్ప్రింగులు సాగుతాయి. కొన్ని వేల కిలోమీటర్లకు బండి బద్ధకిస్తుంది, సైలెన్సరు వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. మెకానిక్ ఒక గంట కూర్చుని పాయింట్లు శుభ్రం చేసి టైమింగు పెడితే, బండికి ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది. కానీ గమనించండి. ఆయన చేసింది మార్పు కాదు. తప్పిపోయిన ముహూర్తాన్ని కంపెనీవాడు పెట్టిన చోటికే తిరిగి తెచ్చాడు, అంతే. మరమ్మత్తుకు వచ్చిన పేరుని మార్పు ఖాతాలో రాసుకోవడంతోనే మన గందరగోళం మొదలైంది.

మరి కంపెనీ పెట్టిన చోటు కంటే ముందుకు జరిపితే?

దీనికి నాకింగ్ కథ తెలియాలి. రవ్వ మరీ ముందు పడితే, మంట ఇంకా పాకుతుండగానే సిలిండరు మూల మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంత తానే ఒక్కసారిగా పేలుతుంది. కటకటమనే ఆ చప్పుడే నాకింగ్. మొదటి ప్రపంచయుద్ధం నాటికే ఇది ఇంజినీర్లకు పెద్ద తలనొప్పి. ఇంగ్లండులో హ్యారీ రికార్డో ఏ పెట్రోలు ఎంత నొక్కుడు తట్టుకుంటుందో వరుసగా కొలిచాడు. అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ 1921లో పెట్రోల్లో సీసం కలిపితే నాకింగ్ ఆగుతుందని కనుక్కున్నాడు. ఇంజిన్లు బలపడ్డాయి, గాలి విషమైంది. మన దేశంలో సీసం పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగింది.

పెట్రోలు నాకింగ్‌ని తట్టుకునే గుణానికి కొలత ఆక్టేన్. ఆక్టేన్ ఎక్కువైతే బలం ఎక్కువ అని చాలామంది అనుకుంటారు. ఆక్టేన్‌లో బలం లేదు, ఓర్పు ఉంది. ఆ ఓర్పును వాడుకునే ఇంజిన్ అయితేనే లాభం. పాత బుల్లెట్ కంప్రెషన్ చాలా తక్కువ. దానికి నాకింగ్ బెడద తక్కువ కనుక, కంపెనీవాడు టైమింగుని సరిగ్గా ఉండాల్సిన చోటే పెట్టగలిగాడు. అలాంటి ఇంజిన్‌కి ఖరీదైన పెట్రోలు పోసి, టైమింగు ముందుకు జరిపితే వచ్చేదేమీ లేదు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒత్తిడి ఎదురు తోస్తుంది, బలం తగ్గుతుంది. కంప్రెషన్ ఎక్కువ ఉండి, నాకింగ్ భయంతో కంపెనీవాడు టైమింగుని కాస్త వెనక్కి పెట్టిన ఇంజిన్ అయితే, మంచి పెట్రోలుతో ముందుకు జరిపి కొంత రాబట్టవచ్చు. రెండు బండ్లకూ ఒకే వైద్యం చేస్తే ఒకటి కుదుటపడుతుంది, ఒకటి పడకేస్తుంది.

ఇంకొక సంగతి. టైమింగుకీ బలానికీ ఉన్న సంబంధం కొండలా కోసుగా ఉండదు, గుట్టలా చదునైన నెత్తితో ఉంటుంది. సరైన చోటికి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా బలంలో తేడా అతి స్వల్పం. అందుకే ఇప్పటికే సరైన చోట ఉన్న ఇంజిన్‌ని కాస్త జరిపితే చెప్పుకోదగ్గ లాభం రాదు. కానీ ముందువైపు ఇంకాస్త వెళ్తే గుట్ట దిగడం మాత్రమే కాదు, అవతల నాకింగ్ అనే గొయ్యి ఉంది. వెనకవైపు గొయ్యి లేదు, బలం తగ్గడం, సైలెన్సరు వేడెక్కడం మాత్రమే. కంపెనీవాళ్ళు ఎప్పుడూ గొయ్యికి కాస్త దూరంగా నిలబడేది అందుకే. బరువుతో వెళ్ళే బండి, ఎండాకాలం, ఎక్కడో మారుమూల బంకులో పోసిన పెట్రోలు, ఇవన్నీ ఒకేసారి వచ్చిపడినా ఇంజిన్ బతకాలని వాళ్ళ లెక్క.

పాయింట్ల కాలం ఎలా పోయింది?

1969లో కవాసాకి మాక్ త్రీ బండి సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పద్ధతితో వచ్చింది. పాయింట్లు లేవు, అరుగుదల లేదు. మన దేశంలో కుర్రకారుకు దాన్ని అలవాటు చేసింది 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100. ఆ బండి మీద చేయని ప్రయోగం లేదు. పందెం సీడీఐలు వేశారు, మాగ్నెటో ప్లేటు తిప్పారు. టూస్ట్రోక్ ఇంజిన్‌కి లెక్క వేరు. పై వేగంలో దానికి టైమింగు కాస్త వెనక్కి రావాలి, అప్పుడే సైలెన్సరు గొట్టంలోకి వేడి వెళ్ళి అది సరిగ్గా పనిచేస్తుంది. అది తెలియక ముందుకే తిప్పుకుంటూ పోతే పిస్టన్ జామ్ అవుతుంది, ఒక్కోసారి నెత్తిన చిల్లే పడుతుంది. అర కిలోమీటరు పందెంలో బయటపడని తప్పు అరవై కిలోమీటర్ల తర్వాత బయటపడుతుంది.

2003లో బజాజ్ పల్సర్ డీటీఎస్ఐ రెండు ప్లగ్గులతో, మైక్రోప్రాసెసర్ ఉన్న ఇగ్నిషన్‌తో వచ్చింది. రెండు చోట్ల మంట మొదలైతే అది పాకే దూరం సగమవుతుంది, అంత ముందుగా రవ్వ వేయనక్కర్లేదు. థ్రాటిల్ ఎంత తెరిచారో కూడా ఆ చిప్పు గమనించేది. అంటే వేగాన్ని మాత్రమే చూసే బరువుల స్థానంలో, వేగాన్నీ బరువునీ రెండింటినీ చూసే బుర్ర వచ్చింది. 2000ల ఆరంభంలో బుల్లెట్ ఎలక్ట్రాకి కూడా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. 2009 నుంచి యూసీఈ ఇంజిన్, 2020లో మీటియర్‌తో జె సిరీస్ ఇంజిన్ వచ్చాయి. కంప్రెషన్ యూసీఈ 350లో 8.5 ఉంటే, జె సిరీస్‌లో 9.5కి పెరిగింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నియమాలతో ఈ బండ్లన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్, ఈసీయూ వచ్చేశాయి. ఇంజిన్ వేడి, గాలి ఒత్తిడి, థ్రాటిల్ అన్నీ చూసి ప్రతి నిప్పురవ్వకూ విడిగా ముహూర్తం పెట్టే పురోహితుడు సీటు కింద కూర్చున్నాడు.

ఒకప్పుడు హ్యాండిల్ మీది లీవరుతో మన చేతిలో ఉన్న పని బరువులకు, బరువుల నుంచి చిప్పుకు పోయింది. ఇప్పుడు బజారులో అమ్మే మార్పులన్నీ ఆ పనిని మళ్ళీ మన చేతికి ఇస్తామంటున్నాయి. అవి మూడు రకాలు.

మొదటిది, రోటరునో పికప్ ప్లేటునో మూడు నాలుగు డిగ్రీలు జరిపేది. చవక. కానీ ఇది అన్ని వేగాల్లోనూ, అన్ని బరువుల్లోనూ ఒకేలా ముందుకు జరుపుతుంది. చదును రోడ్డు మీద తేలిగ్గా వెళ్తున్నప్పుడు థ్రాటిల్ చురుగ్గా అనిపించవచ్చు. ఇక ఆర్యంకావు దారిలోనో కొడైకెనాల్ ఎక్కేటప్పుడో చూడండి. ఇంజిన్ వేగం తక్కువ, థ్రాటిల్ ఎక్కువ, వెనక మనిషి, సామాను, బండి మెల్లగా వెళ్తోంది కనుక తగిలే గాలి తక్కువ, ఇంజిన్ మరుగుతోంది. నాకింగ్‌కి ఇంతకంటే అనువైన చోటు లేదు. సరిగ్గా అక్కడే ఈ ప్లేటు నాలుగు డిగ్రీలు గొయ్యి వైపు తోస్తుంది. దూరయాత్ర బండికి ఇది పనికిరాదని మా గట్టి అభిప్రాయం. కొండపైన గాలి పలచబడి నాకింగ్ తగ్గుతుందనే మాట నిజమే, కానీ పైకి చేరేలోపు కింది సగం ఎక్కాలి కదా.

రెండవది, కంపెనీ సీడీఐ తీసేసి వేరేది పెట్టడం. వీటిలో చాలావరకు వేగపు హద్దు తీసేసి పై వేగంలో టైమింగు మార్చేవి. యాత్రలో ఆ వేగానికి మనం వెళ్ళం.

మూడవది, ఈసీయూకి తోడుగా వేసే పిగ్గీబ్యాక్ పెట్టె, లేదా ఈసీయూలోని లెక్కలనే తిరగరాయడం. ఇది నిజమైన పనిముట్టు. వేగానికీ బరువుకీ విడివిడిగా టైమింగు, పెట్రోలు రెండూ మార్చవచ్చు. పొగ నియమాల కోసం కంపెనీ కొన్ని చోట్ల టైమింగు వెనక్కి పెట్టి, మిశ్రమం పలచన చేస్తుంది. అక్కడ నడకలో కాస్త మెత్తదనం రాబట్టవచ్చు. కానీ ఆ లెక్కను మన బండికి, మన పెట్రోలుకు, డైనో మీద పెట్టి నాకింగ్ వింటూ సరిచేస్తేనే అది పనిముట్టు. పెట్టె కొని, అందులో ముందే ఉన్న లెక్కతో తగిలించుకుంటే ఇంకొకరి కొలతలకు కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టే. మన మధ్యతరగతి బండ్లలో చాలావాటికి నాక్ సెన్సర్ ఉండదు. తప్పు జరుగుతుంటే ఈసీయూకి తెలియదు, హెల్మెట్ లోపల మనకూ వినపడదు. వారంటీ షరతులు కూడా ఒకసారి చదువుకోండి.

ఇక లాభం లెక్క చూద్దాం. జె సిరీస్ 350 బలం సుమారు 20 హార్స్‌పవర్. సామానుతో, వెనక మనిషితో చదును రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళడానికి, గాలి ఎదురునూ టైర్ల రాపిడినీ లెక్కవేస్తే, కావలసింది సుమారు 7, 8 హార్స్‌పవర్. అంటే తిరుమంగలం దాటి నాలుగు వరుసల రోడ్డెక్కాక మనం ఇంజిన్‌లో సగం బలం కూడా వాడం. టైమింగు మార్పుతో గరిష్ఠ బలం 3 శాతం పెరిగిందనే అనుకుందాం. అది 0.6 హార్స్‌పవర్. గాలి ఎదురు వేగంతో పాటు విపరీతంగా పెరుగుతుంది కనుక, 3 శాతం బలానికి పెరిగే గరిష్ఠ వేగం 1 శాతమే. 110 దగ్గర ఆగే బండి 111కి వెళ్తుంది. ఆ ఒక్క కిలోమీటరు కోసమా ఇన్ని వేలు?

'మార్పించాక తేడా తెలిసింది' అనేవాళ్ళు అబద్ధమాడుతున్నారని మేము అనడం లేదు. తేడా తెలిసే ఉంటుంది. కానీ ఆ రోజు మెకానిక్ ప్లగ్గు మార్చాడు, ట్యాపెట్లు సరిచేశాడు, ఫిల్టరు శుభ్రం చేశాడు, చెయిన్ బిగించాడు. వీటిలో ఏది ఎంత చేసిందో ఎవరికి తెలుసు? తెలుసుకోవాలంటే దారి ఒకటే. ముందు సర్వీసు మాత్రం చేయించి, ట్యాంకు నిండా పోసి, ఒకే దారిలో ఒకే వేగంతో వెళ్ళొచ్చి, మళ్ళీ నింపి కొలవాలి. తర్వాత టైమింగు ఒక్కటే మార్చి, అదే దారి, అదే వేగం, అదే బరువు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. ఈ పని చేసి చూపించి అమ్మేవాళ్ళు అరుదు.

మన ఊరికి మిల్లుల సంగతి తెలుసు. రాజపాళయం మిల్స్ 1936లో మొదలైన దగ్గర్నుంచి ఊరి సగం బతుకు కదుళ్ళతోనే. కదురు వేగం పెంచితే నూలు ఎక్కువ వస్తుందని ఎవరైనా అనుకుంటారు. హద్దు దాటి పెంచితే పోగులు తెగుతాయి, అతికే పని పెరుగుతుంది, షిఫ్టు చివర తూకం వేస్తే నూలు తగ్గుతుంది. మిల్లులో పనిచేసినవాళ్ళు కదురు వేగాన్ని చూసి మురిసిపోరు, షిఫ్టు చివరి తూకాన్ని చూస్తారు. దూరయాత్రకు తూకం ఏమిటి? సాయంత్రానికి అన్ని బండ్లూ, అందరు మనుషులూ క్షేమంగా దిగడం.

కాబట్టి మేము చెప్పేది ఇది. పాయింట్లున్న పాత బుల్లెట్లు మనలో కొన్ని ఉన్నాయి. వాటికి టైమింగు తప్పకుండా చూపించండి. పాయింట్లు, కండెన్సరు, అడ్వాన్స్ బరువులు, స్ప్రింగులు శుభ్రం చేయించి, కంపెనీ చెప్పిన చోటే పెట్టించండి. స్ట్రోబ్ లైటు ఉన్న మెకానిక్ దొరికితే, వేగం పెరిగినప్పుడు అడ్వాన్స్ నిజంగా పెరుగుతోందా అని కూడా చూడమనండి. దానికి పెట్టే డబ్బు ప్రతి పైసా తిరిగొస్తుంది. ఒక అదనపు పాయింట్ సెట్టు, కండెన్సరు సంచిలో వేసుకోండి.

కొత్త ఇంజెక్షన్ బండ్లకు టైమింగు జోలికి వెళ్ళకండి. కంపెనీ చెప్పిన ప్లగ్గు, శుభ్రమైన ఫిల్టరు, సరైన టైరు గాలి, కొత్త బ్రేక్ ప్యాడ్లు, బిగువు సరిచూసిన చెయిన్, ఇవి చాలు. నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిసిన పెట్రోలు 2025 నుంచి దేశమంతా వచ్చింది. ఇథనాల్ నాకింగ్‌ని బాగా తట్టుకుంటుంది కనుక టైమింగు పెంచవచ్చని కొందరు అంటున్నారు. అదే ఇథనాల్‌లో వేడి తక్కువ, మైలేజీ కాస్త తగ్గుతుంది, పాత బండ్ల రబ్బరు గొట్టాలను గమనించుకోవాలి. ముందు గొట్టాలు చూడండి.

కంప్రెషన్, కామ్, సైలెన్సరు మార్చి బండిని వేరే పనికి తయారుచేసుకున్నవాళ్ళు ఒకరిద్దరున్నారు. వాళ్ళకు టైమింగు మార్పు అవసరమే, డైనో మీద చేయించుకోండి. ఆ బండి మాత్రం ఈ యాత్రకు తేవద్దని మనవి.

బండ్లన్నిటికీ చిప్పులు వేయించాలనుకున్న డబ్బు ఉంది కదా. అందులో సగంతో ఒక మంచి ప్రథమ చికిత్స పెట్టె, పంక్చరు సామాను, అందరికీ రాత్రిపూట మెరిసే జాకెట్లు వస్తాయి. మిగతా సగం దారిలో భోజనాలకు. యాత్ర తేదీ మారలేదు. వచ్చే ఆదివారం పొద్దున్నే పాత బుల్లెట్లున్న వాళ్ళు బండ్లు తీసుకురండి. సిగరెట్టు కాగితాలు మేము తెస్తాం.